మొదటి గడి

తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పోయిన వారం అక్షరాలు పూర్తిగా పోవు. తుడిచి, ఆరనిచ్చి, పొడిగుడ్డతో మళ్ళీ రుద్దాలి. ఏసుపాదం పొడిగుడ్డ కోసం కిటికీ చువ్వల మీదికి చెయ్యి చాపేసరికి బాలగంగాధరం మాస్టారు గ్రంథాలయం గేటు తీసుకుని లోపలికి వస్తున్నారు. ఎనిమిది ఇంకా కాలేదు.

"పేపరొచ్చిందటోయ్?"

"ఆయ్. బల్ల మీద పెట్టేనండి."

మాస్టారు చెప్పులు విడిచి, గోడ పట్టుకుని మెట్టెక్కి, లోపల తన కుర్చీలో కూర్చున్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళు ఆయనకు. తొమ్మిదో తరగతిలో ఏసుపాదానికి తెలుగు చెప్పింది ఆయనే. అందుకే ఆయన లోపల కూర్చున్నంతసేపూ ఏసుపాదం ఇక్కడ వరండాలో అక్షరాలు కొంచెం జాగ్రత్తగా రాస్తాడు.

వరండా గోడకు సిమెంటుతో నున్నగా పూసి నల్లరంగు వేసిన పలక అది. పైన 'ఈ వారం చదవదగినవి' అని చెరగని తెల్లరంగుతో ఉంటుంది. దాని కింద మూడు గడులు. ఆరోగ్యం, సాంకేతికం, వినోదం. ప్రతి గడిలోనూ ఏసుపాదం సుద్దముక్కతో రెండు మూడు వాక్యాల్లో సంగతి రాసి, అది ఏ పత్రికలో ఏ పేజీలో ఉందో చెప్పి, కింద ఆ వ్యాసం కత్తిరించి అంటిస్తాడు. గ్రంథాలయానికి వచ్చే ప్రతులు కత్తిరించకూడదు కాబట్టి పేపర్ల ఏజెంటు నాగబాబు అమ్ముడుపోని కాపీలు అతనికి ఇస్తుంటాడు. శుక్రవారం గ్రంథాలయాలకు సెలవు. ఆ రోజంతా ఇంట్లో చాప మీద వారపత్రికలూ ఆదివారం అనుబంధాలూ పరుచుకుని, కత్తెర పక్కన పెట్టుకుని చదువుతాడు. శనివారం పొద్దున్న పలక మారుతుంది. పంతొమ్మిదేళ్ళుగా మారుతూనే ఉంది.

అప్పట్లో రాజేంద్రప్రసాద్ అనే గ్రంథాలయాధికారి ఉండేవారు. జనం లోపలికి రావడం లేదని ఆయనే ఈ పలక పూయించారు. బదిలీ అయి వెళ్ళేరోజున సుద్దముక్కల పెట్టె తెచ్చి అటెండరు ఏసుపాదం చేతిలో పెట్టారు.

"నేనేటండి బాబూ, పది తప్పినోణ్ణి," అన్నాడు ఏసుపాదం.

"దుమ్ము దులుపుతూ దులుపుతూ నిలబడి చదివేస్తావు కదయ్యా. అది చాలు."

ఏసుపాదం సన్నగా పొడుగ్గా ఉంటాడు. యాభై తొమ్మిదేళ్ళకే మెడ కొంచెం ముందుకు వంగింది. కుడిచేతి బొటనవేలి గోరు కింద సుద్ద ఎప్పుడూ తెల్లగా కనిపిస్తుంది. తండ్రి కొబ్బరి దింపులు తీసేవాడు. రోజుకు నలభై చెట్లు ఎక్కి దిగిన అరికాళ్ళు ఆయనవి. పగిలిపోయి, రాత్రి దుప్పటికి గీరుకునేవి. కొడుకుని మాత్రం చెట్టు మొదట్లోకి కూడా రానివ్వలేదు. ఈ వారం రెండో గడిలోకి ఏసుపాదం ఏరుకున్నది కొబ్బరిచెట్టు ఎక్కే యంత్రం గురించి. నడుముకు పట్టీ, తాళ్ళకు బదులు ఇనప పెడళ్ళు. ఆడవాళ్ళు కూడా ఎక్కవచ్చునట. మూడో గడిలోకి, పాత నాటకాలకు హార్మణీ వాయించిన ఒక ముసలాయన గురించిన వ్యాసం. రెండూ రాసేశాడు. అంటించేశాడు.

మొదటి గడి ఖాళీగా ఉంది.

చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. నిన్న మధ్యాహ్నం ఈ కాగితం కత్తిరించేటప్పుడు చెయ్యి రెండుసార్లు ఆగింది. రొమ్ములో గడ్డల గురించి ఒక డాక్టరమ్మ రాసిన వ్యాసం. ఎలా తడిమి చూసుకోవాలో పక్కన బొమ్మ. ఆరేళ్ళలో ఇలాంటివి నాలుగైదు కంటపడ్డాయి. కంటపడ్డ ప్రతిసారీ పేజీ తిప్పేశాడు.

ఆరేళ్ళ కిందట వానాకాలంలో కూడా ఒక శనివారం పొద్దున్న ఇలాగే, ఇలాంటి కాగితమే చేత్తో పట్టుకుని ఇక్కడే నిలబడ్డాడు. అప్పుడు మాస్టారు లోపల్నుంచి వచ్చి అతని భుజం మీదుగా చూశారు. "ఇది దేనికోయ్? ఇక్కడికి చదువుకోడానికి ఆడవాళ్ళెవరొస్తున్నారు? కుర్రాళ్ళు చూసి నవ్వుకోడానికి తప్ప," అన్నారు. మామూలుగానే అన్నారు. కోపంగా కూడా కాదు. ఏసుపాదానికి చెవులు వేడెక్కాయి. ఆ కాగితం సొరుగులో పడేసి, మోకాళ్ళ నొప్పుల గురించి ఒకటి తీసి అంటించాడు. సొరుగులో పడేసినది తర్వాత పుస్తకాల అట్టలకు బంక రాసేటప్పుడు కింద పరుచుకుని పాడుచేశాడు.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ భార్య కుమారి ఎప్పట్లాగే అడిగింది. "ఈవారం ఏం పెట్టేవు బోర్డు మీద?"

కుమారికి చదువు రాదు. పీచు మిల్లులో తాడు పేనేది. పెళ్ళైన కొత్తలో అక్షరాలు నేర్పమంది. రేపు, ఆదివారం, దింపులయ్యాక అంటూ అతను జరిపాడు. కూతురు సలోమి పుట్టాక ఆమె అడగడం మానేసింది. పలక అతని చేతికి వచ్చాక, దానికి బదులు శనివారం సాయంత్రం ఈ ఒక్క ప్రశ్న అడిగేది. అతను మూడో గడి సంగతి మాత్రం చెప్పేవాడు. మిగతా రెండూ ఆమెకెందుకని. ఆ రోజు కూడా పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ నాట్యం మొదలుపెట్టిన ఒక నటి గురించి చెప్పాడు. కుమారి గరిటె పట్టుకుని నిలబడి అంతా విన్నది. విన్నాక, ఎప్పుడూ లేనిది, ఇంకొకటి అడిగింది.

"మరి ఆరోగ్యం గళ్ళో ఏటుంది?"

"మోకాళ్ళ నొప్పులే. నీకు లేవు కదా," అన్నాడు.

పులుసు వేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎన్నాళ్ళయిందని అడిగితే, "వానాకాలం నుంచండి," అన్నది కుమారి. తెర ఇవతల నిలబడి ఉన్న ఏసుపాదం వేళ్ళు మడుస్తూ వెనక్కి లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. ఆ ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఆ సాయంత్రం మాట ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమె ఏమనేదో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఏసుపాదం బంక సీసా మూత తీశాడు. కాగితం నాలుగు మూలలకూ రాసి, మొదటి గడిలో, కింద మూలన కాదు, నిలబడ్డ ఆడమనిషి కళ్ళకు అందేటంత ఎత్తులో అంటించి అరచేత్తో నొక్కాడు. సుద్దముక్క తీసుకుని రాశాడు. 'రొమ్ములో గడ్డ తగిలితే నొప్పి లేకపోయినా చూపించుకోవాలి. తొందరగా చూపిస్తే నయమవుతుంది.' 'రొమ్ము' అన్నచోట సుద్ద విరిగింది. విరిగిన ముక్కతోనే పూర్తిచేశాడు.

లోపల కుర్చీ జరిగింది. మాస్టారు వరండాలోకి వచ్చి, కళ్ళద్దాలు పైకి నెట్టి, పలకకు జానెడు దూరంలో ముఖం పెట్టి చదివారు. ఏసుపాదం గుడ్డ పిండుతున్నట్టు పక్కకు తిరిగాడు. మాస్టారు కాగితమంతా, బొమ్మ కింద రాసినదాంతో సహా, చివరిదాకా చదివారు.

"ఇలాంటివి మొదట్నుంచీ పెట్టాల్సిందోయ్ ఏసుపాదం."

అప్పటి మాట ఆయనకు గుర్తు లేదు. ముఖంలో ఏమీ లేదు. ముసలితనంతో వెలిసిపోయిన కళ్ళు మాత్రం ఉన్నాయి. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? గుడ్డలో నీళ్ళు అయిపోయినా ఏసుపాదం పిండుతూనే ఉన్నాడు.

"ఆయ్," అన్నాడు.

*

తొమ్మిదిన్నరకు అమలాపురం బస్సు దిగి శ్రీవిద్య వచ్చింది. గ్రంథాలయాధికారి. ముప్పై దాటి ఎంతో కాలేదు. రెండు ఊళ్ళ గ్రంథాలయాలు చూస్తుంది కాబట్టి ఇక్కడికి వారానికి మూడు రోజులే వస్తుంది. నిరుడు ఆమె పాఠకులందరినీ కలిపి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టింది. శనివారం రాగానే పలకను ఫొటో తీసి అందులో పెడుతుంది. పలక ముందు నిలబడి చదివేవాళ్ళు రోజుకు పదిమందే. ఫొటో మూడువందల పైచిలుకు మంది చూస్తారు. తన చేతిరాత ముంబైలో ఉన్నవాళ్ళు కూడా చూస్తున్నారని మొదట ఆమె చెప్పినప్పుడు, ఏసుపాదం మర్నాడే 'ళ' రాసే తీరు మార్చుకున్నాడు.

ఇవాళ ఫొటో తీయబోతూ మొదటి గడి చూసి ఒక్క క్షణం ఆగింది.

"ఏసుపాదం గారూ, మంచిది పెట్టేరండి," అన్నది.

ఆమె వెనకే గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి, జాకెట్టు భుజాల మీద పీచు నూగు. పీచు మిల్లులో పనిచేసే సూర్యకాంతం. చేతిలో ఫోను పట్టుకుని లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తోంది.

"రండి," అన్నది శ్రీవిద్య.

"ఏం లేదండి. మా అబ్బాయి నన్ను కూడా మీ గ్రూపులో కలిపేడు. వారం వారం ఫొటో వస్తందండి. చదవడం రాదు కదండీ, చూసి ఏటి లాభం? మా మిల్లులో అందరిదీ అదే గోలండి. ఎవరేనా చదివి మాటల్లో పెడితే వింటూ పని చేసుకుంటాం కదా అని..." ఏసుపాదం వైపు తిరిగింది. "ఇదివరకు మాకు ఆ ఇబ్బంది లేదండి. కుమారొదిన చెప్పేసేది."

ఏసుపాదానికి అర్థం కాలేదు. "ఏం చెప్పేది?"

"మీరు ఇంట్లో చెప్పినియ్యేనండి. ఆదివారం తప్పించి సోమారం పొద్దున్నే తాడు దగ్గర కూర్చుని మొదలెట్టేది. ఎవరో డ్యాన్సు నేర్చుకున్నావిడ గురించి, సర్కస్‌లో పనిచేసిన ముసలోడి గురించి. పదిహేనుమందిమి వినేవోళ్ళం. మా ఆయన చెప్పేడు, మా ఆయన చెప్పేడు అనేది ప్రతి మాటకీ."

ఏసుపాదం పలకకు ఆనుకున్నాడు. చొక్కా వీపుకు సుద్ద అంటుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో అతనికి ఈ సంగతి తెలియదు. తను ఒక్క మనిషికి అన్నం తింటూ చెప్పాననుకున్నది సోమవారానికి పదిహేనుమందికి చేరేది. మొదటి గడి కూడా చెప్పి ఉంటే అదీ చేరేది. నవ్వుకునే కుర్రాళ్ళు లేనిచోట, తాడు పేనుతూ, ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. కుమారి తన నోటితో తనే చెప్పేది.

"సాయంత్రం నేనుంటానండి," శ్రీవిద్య సూర్యకాంతానికి చెబుతోంది. "ఏసుపాదం గారు ఫోనులో చదివి పెడతారు. ఆయన చేత చదివిస్తాను."

"నాకేం చేతనవుద్దండి, అమ్మా," అన్నాడు అతను.

"పలక రాసింది మీరే కదండీ."

పదకొండుకు తలుపులు మూసి ఇంటికి వెళ్ళాడు. కాలవ వంతెన ఎత్తు మీద సైకిలు దిగి నడిపించుకున్నాడు. ఎండగా ఉంది. వంతెన మధ్యలో ఒకసారి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. కింద నీళ్ళలో కొబ్బరి డొక్కలు ఒడ్డునానుకుని తేలుతున్నాయి. మెడ మీది చెమట కండువాతో తుడుచుకుని మళ్ళీ నడిచాడు. మధ్యాహ్నం అన్నం సగం తిని మూత పెట్టాడు. కాసేపు చాప మీద పడుకున్నాడు కానీ నిద్ర పట్టలేదు. ఆ వ్యాసం ఉన్న గ్రంథాలయం ప్రతిని వెంట తెచ్చుకున్నాడు. దాన్ని పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు.

*

సాయంత్రం అయిదింటికి శ్రీవిద్య పుస్తకాల గది తలుపు దగ్గరగా వేసి, ఫోను బల్ల మీద పెట్టింది. ఎక్కడ నొక్కాలో చూపించింది.

మొదటిసారి ఏసుపాదం చర్చిలో ప్రకటనలు చదివినట్టు గొంతెత్తి చదివాడు. ఆమె వినిపించింది. అతనికే సిగ్గేసింది.

"ఎవరో ఎదురుగా ఉన్నారనుకుని చెప్పండి," అన్నది ఆమె.

రెండోసారి సరిగ్గానే మొదలైంది. పలక మీద సుద్ద విరిగిన మాట దగ్గరే గొంతు ఆగింది. తన ముందు ఆ మాట పలకడం కష్టంగా ఉందేమోననుకుని శ్రీవిద్య లేచింది. "నేను బయటుంటానండి. అయ్యాక పిలవండి."

తలుపు మూసుకుంది. బీరువాల మధ్య అతనొక్కడే మిగిలాడు. బల్లకు అవతల కుర్చీ ఖాళీగా ఉంది. ఫోను దగ్గరకు తీసుకున్నాడు. ఈసారి గొంతు ఎత్తలేదు. కంచం ముందు కూర్చుని, గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషికి చెప్పినట్టు, పుస్తకం మాటలు పక్కకు నెట్టి ఇంటి మాటల్లో చెప్పుకుంటూ పోయాడు. స్నానం చేసేటప్పుడు ఇలా చూసుకో. వేళ్ళతో ఇలా. చంక కింద కూడా. గింజలా తగిలితే ఊరుకోకు. నొప్పి లేదు కదా అని అసలు ఊరుకోకు. మధ్యలో అండీలు పోయాయి. ఆ సంగతి అతను గమనించలేదు.

శ్రీవిద్య లోపలికి వచ్చేసరికి ఏసుపాదం కిటికీ దగ్గర నిలబడి బయటకు చూస్తున్నాడు. ఆమె చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నది. ఆరు నిమిషాలు. చివర్లో ఒక మాట ఉంది: "ఇంట్లో మగోడు అడగడు. ఆడికి తెలీదు. తెలిసినా సిగ్గుపడి అడిగి చావడు. అడక్కపోయినా నువ్వు చెప్పు." అది కూడా వ్యాసంలోదే కాబోలనుకుంది.

"పంపించెయ్యనాండి?"

"బాగానే ఉందాండి?"

"చాలా బాగుంది."

"అయితే పంపించెయ్యండి." కొంచెం ఆగి అన్నాడు. "మళ్ళీవారం నుంచి మూడు గళ్ళూ చదువుతానండి. మొదటిది ముందు."

ఏడింటికి దీపాలు ఆర్పి, తలుపులకు తాళం వేసి, శ్రీవిద్యను బస్సు ఎక్కించి వెళ్ళాడు. బస్సు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది. అతను సైకిలు హేండిలు మీద ఒక చెయ్యి ఉంచి రెండో చెయ్యి ఛాతీ దాకా ఎత్తాడు. నమస్కారమో, చొక్కా సర్దుకోవడమో ఆమెకు సరిగ్గా కనిపించలేదు.

*

ఆదివారం ఎనిమిదింటికి గేటుకు తాళం ఉంది. బాలగంగాధరం మాస్టారు కాసేపు గోడ పక్కన నిలబడ్డారు. నాగబాబు పేపర్లు గేటు సందులోంచి లోపలికి తోసి వెళ్ళాడు. ఎనిమిదింబావుకు సూర్యకాంతం వచ్చింది. వెంట ఇంకొకావిడ ఉంది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మాస్టారికి దూరంగా, రోడ్డు అవతల నిలబడింది.

"లేరాండి?" అన్నది సూర్యకాంతం.

"ఎప్పుడూ ఇలా చెయ్యడమ్మా. ఏం పని?"

"ఆయన్ని ఒకమాటడగాలండి. మా తోడికోడలికి." ఏ మాటో చెప్పలేదు. మాస్టారు రోడ్డు అవతలి మనిషి వైపు చూసి, పలక వైపు చూసి, ఇంక అడగలేదు.

ఎనిమిదిన్నర దాటాక మాస్టారు కర్ర పట్టుకుని బయల్దేరారు. పేట ఆయనకు కొత్త. ఏసుపాదం ఇల్లు ఎక్కడో ఇన్నేళ్ళలో ఆయన ఎన్నడూ అడగలేదు. సూర్యకాంతమే ముందు నడిచి దారి చూపించింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. ఏసుపాదం మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి నడుము దాకా కప్పుకున్నాడు. సూర్యకాంతం రెండుసార్లు పిలిచింది. తర్వాత దగ్గరకు వెళ్ళి పాదం ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది. గుండె నిద్రలోనే ఆగిపోయి ఉంటుందని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు.

మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. చాలాసేపటికి, "నాకు వాడు తొమ్మిదిలో చదివేడమ్మా," అన్నారు.

పదకొండుకు కపిలేశ్వరపురం నుంచి కూతురు సలోమి, ఆమె భర్త ఆటోలో వచ్చారు. కాసేపటికి అమలాపురం నుంచి శ్రీవిద్య వచ్చింది. ఏడ్చే ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. సూర్యకాంతం ఆమెను ఇంటి వెనక్కి తీసుకెళ్ళి, కొంగు కప్పుకున్న ఆ మనిషి చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చింది. ఆవిడ తలెత్తలేదు. చిన్న గొంతుతో, తడుముకుంటూ చెప్పింది. నిన్న సాయంత్రం ఆ మాటలు విన్నాకే చూసుకుందట. రెండోసారి విన్నాక మళ్ళీ చూసుకుందట. ఇంట్లో ఇంకా చెప్పలేదట.

"ఆయన్నే అడుగుదామనుకున్నానండి," అన్నది. "ఆయనైతే మనిషిలా చెప్పేరని."

"రేపు పొద్దున్నే నేను తీసుకెళ్తాను," అన్నది శ్రీవిద్య. "ఏడింటి బస్సుకి. మీ ఆయనకి ఇవాళే చెప్పండి."

ఇలా చెప్పమనడం ఎక్కడ విన్నదో అనగానే గుర్తొచ్చింది, ఏసుపాదం చదివినదాని చివర. పొద్దున్న బస్సులో ఆమె ఆ వ్యాసం మొదటి నుంచి చివరిదాకా చదువుతూ వచ్చింది. 'అడక్కపోయినా నువ్వు చెప్పు' అన్న మాట అందులో ఎక్కడా లేదు. దాని గురించి అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు. ముందు రోజు ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడినప్పుడు ఎందుకు అడగలేదా అనుకుంది.

ఆడవాళ్ళిద్దరూ పక్కసందులోంచి వెళ్ళిపోయారు. శ్రీవిద్య అక్కడే నిలబడింది. రెండు కొబ్బరిచెట్లకు కట్టిన పీచుతాడు మీద తెల్లచొక్కా ఒకటే ఆరేసి ఉంది. ఆదివారం ఆరాధనకు రాత్రే ఉతికి గంజి పెట్టుకున్నట్టున్నాడు. ఎండకు అది పూర్తిగా ఆరిపోయింది. మెడ గుండీ నుంచి కింద గుండీ దాకా అన్నీ పెట్టి ఉన్నాయి, తొందరగా ఆరాలని జేబు మాత్రం కొబ్బరి పుల్ల అడ్డం పెట్టి నోరు తెరిచి ఉంచాడు.